బాధితుల అంబుడ్స్‌పర్సన్‌కు చట్టం ఎందుకు లేదు?

హోస్ట్: మేడమ్, కెనడాలో నేర బాధితుల ఫెడరల్ అంబుడ్స్‌పర్సన్ ఆఫీసు, అంటే కేంద్ర ప్రభుత్వ శాఖల మీద బాధితుల ఫిర్యాదులు విచారించే ఆఫీసు, 2007లోనే పెట్టారు కదా. మళ్లీ చట్టం దేనికంటారు?

అతిథి: ఆఫీసు పెట్టారండి, చట్టం చేసి పెట్టలేదు. న్యాయశాఖ కింద ఒక కార్యక్రమంలా నడుస్తోంది. అంబుడ్స్‌పర్సన్ రిపోర్టు చేసేది న్యాయశాఖ మంత్రికే. రేపు ఆ శాఖ మీదే ఫిర్యాదు వస్తే?

హోస్ట్: తప్పు చేసిందీ ఆ శాఖే, ఎత్తి చూపాల్సిందీ ఆ శాఖ కింద ఉన్నవాళ్లే!

అతిథి: అదేనండి. అక్కడ పనిచేసేవాళ్ల నిజాయితీని నేను శంకించడం లేదు. కానీ అదే దేశంలో ఖైదీల ఫిర్యాదులు చూసే కరెక్షనల్ ఇన్వెస్టిగేటర్‌ను చూడండి. 1971లో కింగ్‌స్టన్ జైల్లో అల్లర్లు జరిగాయి, 1973లో ఆ పదవి వచ్చింది. జైళ్ల మీద వచ్చిన 1992 చట్టంలో దానికోసం ఒక భాగమే రాశారు. జైల్లోకి వెళ్లొచ్చు, కాగితాలు తెప్పించుకోవచ్చు, ప్రమాణం చేయించి ప్రశ్నించొచ్చు. వార్షిక నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చి తీరాలి. ఖైదీకి అది ఉండాల్సిందే. బాధితుల తరఫున అడిగేవారికి ఎందుకు లేదన్నదే నా బాధ.

హోస్ట్: 2015లో బాధితుల హక్కుల చట్టం వచ్చింది కదా?

అతిథి: వచ్చింది. సమాచారం, రక్షణ, భాగస్వామ్యం, నష్టపరిహారం, ఈ నాలుగింటికీ హక్కులు ఇచ్చింది. అదే చట్టంలో 28వ సెక్షన్ చదవండి. హక్కుకు భంగం కలిగిందని దావా వేయడానికి వీల్లేదు. కేవలం ఆ కారణంతో అప్పీలూ లేదని 29 చెబుతుంది. కొడుకును చంపిన మనిషిని తక్కువ భద్రత ఉన్న జైలుకు మార్చారని ఒక తల్లికి ఆలస్యంగా తెలిసిందనుకోండి. ముందు ఆ జైళ్ల శాఖకే ఫిర్యాదు పెట్టాలి. అక్కడ తృప్తి కలగకపోతే అంబుడ్స్‌పర్సన్ దగ్గరికి రావాలి. ఆయనేమో ఫైలు ఇవ్వండని అడగగలరు, అంతే. తప్పనిసరిగా ఇమ్మనే చట్టం ఆయన చేతిలో లేదు.

హోస్ట్: వినడానికే కష్టంగా ఉంది. మరి చట్టం రాస్తే మొదట ఏం ఉండాలి?

అతిథి: నేరుగా పార్లమెంటుకు రిపోర్టు చేయడం, ఫైళ్లు తెప్పించుకునే అధికారం, సిఫార్సుకు శాఖ గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వడం. ఇంకోటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. పదవి ఖాళీగా ఉండకూడదు. 2017 చివర్లో ఒకరు వెళ్లాక కొత్తవారు రావడానికి దాదాపు ఏడాది పట్టింది. 2021లో మళ్లీ అంతే. సిబ్బంది ఉన్నారు, ఫోన్లు ఎత్తారు. మంత్రి ఎదుట కూర్చుని గట్టిగా అడిగే మనిషి మాత్రం లేరు.