‘ఏటే గుంటా’ బూతా, పలకరింపా? స్టూడియో చర్చ

(శ్రీకాకుళంలో ఆటో కిరాయి దగ్గర గొడవ. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ప్రయాణికురాలిని డ్రైవరు ‘ఏటే గుంటా’ అన్న వీడియో ఫోన్లలో తిరుగుతోంది. చర్చలో తెలుగు మాస్టారు, న్యాయవాది, మనస్తత్వ నిపుణురాలు. తీసేసిన మాటల చోట [బీప్].)

సమర్పకుడు: సూటిగా అడుగుతున్నా. ఈ బూతులన్నీ రీల్సు నేర్పినవే కదా?

మాస్టారు: ముందు బూతేదో తేల్చాల కదా బాబూ. మన దగ్గర గుంట అంటే ఆడపిల్ల, గుంటడంటే మగపిల్లాడు. ఆవిడ ఊళ్లో గుంటంటే గొయ్యి! అయినా ఆవిడకి తగిలింది ఆ మాట కాదు. ‘ఏటే’ చివర ఉన్న ‘ఏ’. ఇంట్లో చెల్లెల్ని అంటే చనువు, రోడ్డు మీద ముక్కూ మొహం తెలీని ఆడమనిషిని అంటే...

న్యాయవాది: చనువు కాదు, సెక్షను! భారతీయ న్యాయ సంహిత 79. స్త్రీ మర్యాదకి భంగం కలిగించాలని మాటన్నా, సైగ చేసినా మూడేళ్ల దాకా జైలు.

మాస్టారు: గుంటకి మూడేళ్లా!

న్యాయవాది: కలిగించాలని ఉద్దేశం ఉంటే! వినండి. బహిరంగంగా అశ్లీలం మాట్లాడితే 296, మూడు నెలలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా. రెచ్చగొట్టాలని అవమానిస్తే 352, రెండేళ్లు. పదిమందిలో ఎస్సీ, ఎస్టీలని కులం పేరుతో తిడితే అట్రాసిటీ చట్టం, ఆరు నెలల నుంచి అయిదేళ్లు.

సమర్పకుడు: మేడమ్, సెల్‌ఫోను వల్లే కదా పిల్లల నోళ్లు ఇలా...

నిపుణురాలు: ఫోను లేని కాలంలోనూ తిట్టారండీ. నొప్పికీ తిట్టుకీ సంబంధం ఉంది. 2009లో ఇంగ్లండులోని కీల్ యూనివర్సిటీలో విద్యార్థుల చెయ్యి ఐసు నీళ్లలో పెట్టించారు. ఒకసారి బూతు, ఇంకోసారి బల్లని వర్ణించే మామూలు మాట పదేపదే అనమన్నారు. బూతన్నప్పుడు సగటున 40 సెకన్లు ఎక్కువ ఓర్చుకున్నారు. 2020లో కొత్తగా కల్పించిన మాటలిచ్చి చూస్తే పనిచెయ్యలేదు. అంటే బలం శబ్దంలో లేదు, చిన్నప్పట్నించీ ‘అనకూడదు’ అని కొట్టిన దెబ్బలో...

న్యాయవాది: కోర్టులో ఐసు నీళ్లు పనికిరావమ్మా!

నిపుణురాలు: పూర్తి చెయ్యనివ్వండి. రోజంతా తిట్టేవాళ్లకి ఆ ఉపశమనం తక్కువ. అరిగిపోతుంది. పక్షవాతంతో మాట పడిపోయిన కొందరు పేరు చెప్పలేకపోయినా బూతు మాత్రం...

సమర్పకుడు: బూతు అంటే రీల్సు గుర్తొచ్చింది...

మాస్టారు: అరగడం అంటే ‘వెధవ’ చూడండి. పుట్టుక విధవ నుంచి. ఇప్పుడు మనవణ్ణి ముద్దుగా ‘వెధవా’ అంటుంది మామ్మ. ‘ముండ’ది కూడా ఆ గోత్రమే, కానీ అది మెత్తబడలేదు. ఆడవాళ్ల మీద వాడతారు కాబట్టి. మగాళ్లిద్దరు కొట్టుకుంటే మధ్యలో ఇద్దరి తల్లులూ తిట్లు తింటారు, అదే బూతు లెక్క. శాపనార్థాలు వేరు. ‘నీ పాడె కట్టా’, ‘నీకు పిండం పెట్టా’... అన్నీ చావు సామాన్లే!

న్యాయవాది: [గట్టిగా] అసలు విషయం! ఫిర్యాదులో ‘అసభ్యంగా తిట్టాడు’ అని మాత్రమే రాస్తే కేసు నిలబడడం కష్టం. ఆ [బీప్] అన్నాడా, [బీప్] అన్నాడా, అన్న మాట అన్నట్టు రాయాలి. సిగ్గుపడి రాయరు, అక్కడే ఓడతారు. ఎక్కడ అన్నాడు, ఎవరు విన్నారు, అదీ రాయాలి. 2020లో సుప్రీంకోర్టు చెప్పింది, నాలుగు గోడల మధ్య బయటివాళ్లెవరూ లేకుండా అంటే అట్రాసిటీ కిందకి రాదని. 2024లో ఇంకో కేసులో, బూతు మాట ఉన్నంత మాత్రాన అశ్లీలం కాదనీ చెప్పింది.

నిపుణురాలు: అయితే మీ 296 ఈ డ్రైవరుకి ఎలా వర్తిస్తుంది?

న్యాయవాది: అన్న మాట రాయాలంటున్నా! రాయాలి!

మాస్టారు: రాస్తే ‘ఏటే గుంటా’ అని ఉంటుంది, అది చదివి కోర్టు ఏటంటాది?

న్యాయవాది: అన్న మాట అన్నట్టు రాయాలి, నాలుగోసారి చెబుతున్నా!

సమర్పకుడు: లాయర్ గారు స్పష్టంగా తేల్చేశారు. సమయం అయిపోయింది. పిల్లల చేతికి ఫోనివ్వడం గురించి...

మాస్టారు: ఏటి తేల్చారు? గుంట బూతా కాదా?

నిపుణురాలు: ఆవిడ్ని ఒక్కసారి అడిగితే...

[మైకులు ఆగాయి. ప్రకటనలు.]