బెలూన్ ఎత్తునిస్తుంది, వేగం రాకెట్టే తెచ్చుకోవాలి

అందరికీ నమస్కారం. సాయంత్రం బీచ్ మానుకుని ఇక్కడికొచ్చిన పిల్లలకు ముందుగా థ్యాంక్స్.

మన విశాఖలో వాతావరణ శాఖవాళ్లు పైగాలుల తీరు తెలుసుకోవడానికి బెలూన్లు వదులుతారు. పైకి పోయేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గి బెలూన్ ఉబ్బుతూ ఉబ్బుతూ, 30 కిలోమీటర్ల దరిదాపుల్లో పగిలిపోతుంది. ఆ ఎత్తుకు చేరేసరికి, భూమిని చుట్టుకున్న గాలిలో నూటికి 98 వంతులు కిందే ఉండిపోతాయి. మరి రాకెట్ అక్కణ్ణుంచే బయల్దేరితే?

1952లో అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ వాన్ అలెన్ దాదాపు ఆ పనే చేశారు. గ్రీన్‌లాండ్ దగ్గర సముద్రంలో, ఈస్ట్‌విండ్ అనే ఓడ మీంచి, చిన్న రాకెట్ వేలాడదీసిన బెలూన్లు వదిలారు. దీనికి రాకూన్ అని పేరు. ఓడ ఎందుకో హార్బరు ఊరివాళ్లకు చటుక్కున అర్థమవుతుంది. గాలి వీచే వైపే, గాలి వేగంతోనే ఓడ నడిపితే డెక్ మీద గాలి తగలదు. పల్చటి బెలూన్‌లో నిదానంగా హీలియం నింపుకోవచ్చు.

మొదటి రెండు బెలూన్లూ చక్కగా లేచాయి గానీ రాకెట్లు అంటుకోలేదు. పైన చలికి, రాకెట్‌ను వెలిగించాల్సిన లోపలి గడియారం ఆగిపోయిందేమోనని అనుమానించారు. మూడోసారి నారింజ రసం డబ్బాలు వేడిచేసి, వేడి పోకుండా చుట్టి, ఆ పరికరాల పక్కన పెట్టారు. రాకెట్ వెలిగింది! ఎన్నిసార్లు చెప్పినా నాకు ఒళ్లు పులకరించే ముచ్చట ఇది.

మరి శ్రీహరికోటలో ఇలా ఎందుకు చేయరు? ఉపగ్రహానికి ఎత్తు ఒక్కటే చాలదు, సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి. ఇక్కణ్ణుంచి విజయవాడకు ముప్పావు నిమిషంలో పోయే వేగం అది! బెలూన్ అందులో ఇసుమంతైనా ఇవ్వదు. చిక్కటి గాలిని చీల్చుకుపోయే శ్రమ మాత్రం తప్పిస్తుంది. పైగా బరువొకటి. నేల దగ్గర ఒక ఘనపు మీటరు హీలియం ఎత్తేది కిలో. 10 టన్నుల రాకెట్‌ను 30 కిలోమీటర్లు ఎత్తాలంటే, పైన ఆ బెలూన్ 100 మీటర్లకు మించిన వెడల్పుకు ఉబ్బాలి. అందుకే నా మట్టుకు ఇది పైకెళ్లి తిరిగి పడిపోయే చిన్న పరిశోధన రాకెట్లకు తగిన దారి.

వాటికి కింద ఖాళీ సముద్రం కావాలి, అది మన ముందే ఉంది. కానీ వానాకాలంలో పైగాలులు తూర్పు నుంచి వీస్తాయి, బెలూన్‌ను ఊళ్ల మీదికి తోస్తాయి. ఇక్కడ ప్రయత్నించేవాళ్లు చలికాలం దాకా ఆగాలి. అప్పుడు పడమటి గాలి దాన్ని సముద్రం మీదికి తీసుకుపోతుంది.