ముసలి కుక్కకు రాత్రి నిద్ర ఎందుకు పట్టదు? పశువైద్యుడితో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. వయసు మీద పడిన కుక్కలు రాత్రిళ్లు నిద్రపోకపోతే ఏం చేయాలన్నది ఈ ఉదయం మన విషయం. డాక్టర్ గారు స్టూడియోలోనే ఉన్నారు. మొదటి కాల్ తెనాలి నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ డాక్టర్ గారూ. మా చిన్నీ పొమేరియన్. 14 ఏళ్లు నిండాయి. నెల రోజుల నుంచి ఒంటిగంటకో రెండింటికో లేచి ఇల్లంతా తిరుగుతోందండీ. గచ్చు మీద గోళ్ల చప్పుడు, టక టక టక. మా వారికి బీపీ. రాత్రి నిద్ర లేకపోతే పొద్దున్నే ఆయనకు తల తిరుగుతుంది.

డాక్టర్: తిరగడం ఒక్కటేనా అమ్మా, అరుస్తుందా?

కాలర్: అరుపు కాదండీ, అదో రకం మూలుగు. మొన్న చప్పుడు ఆగిపోయిందేమిటా అని లేచి చూశాను. వంటింటి తలుపు వెనకాల సందులో, గోడకు మూతి ఆనించి నిలబడి ఉంది. వెనక్కి నడిచి రావచ్చని దానికి తెలియడం లేదు. పేరు పెట్టి పిలిచినా తల తిప్పలేదు. ఎత్తుకుంటే నా కొంగులో మూతి దాచుకుని ఒకటే వణుకు.

డాక్టర్: పగలు ఎలా ఉంటుంది?

కాలర్: పగలంతా పడుకునే ఉంటుందండీ. మావారు ఆఫీసు నుంచి వచ్చినా లేవడం లేదు. ఇదివరకు గేటు చప్పుడుకే ఎగిరి గంతేసేది.

డాక్టర్: బయటికి వెళ్లాలంటే తలుపు తెరుచుకునే వైపు కాకుండా, బందుల వైపు నిలబడి ఎదురు చూస్తోందా?

కాలర్: అవునండీ! మీకెలా తెలుసు?

డాక్టర్: మతి తప్పుతున్న కుక్కలు చాలావరకు అలాగే చేస్తాయమ్మా. మనుషుల్లో అల్జీమర్స్ అంటాం కదా, దానికి దగ్గరి జబ్బే. మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకోవడం ఈ కుక్కల్లోనూ కనిపిస్తుంది. ఇది మీ ఒక్కరింట్లో ఉన్నది కాదు. కాలిఫోర్నియాలోని డేవిస్ యూనివర్సిటీ వాళ్లు 2001లో ప్రచురించిన పరిశీలనలో, 11-12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి ఇలాంటి లక్షణం కనీసం ఒకటి ఉంది. 15-16 ఏళ్ల వాటిలో 68 శాతానికి ఉంది. చిన్నీ మొండికేయడం లేదమ్మా. చీకట్లో తన ఇల్లే తనకు కొత్తగా అనిపించి భయపడుతోంది. దయచేసి కసరకండి.

కాలర్: ఒకసారి కసిరానండీ. నిద్రమత్తులో.

డాక్టర్: బాధపడకండి, అప్పుడు మీకు తెలియదు. అయితే ఇది మతిమరుపేనని ఫోన్‌లో తేల్చేయలేను. నొప్పి ఉన్నా, బీపీ పెరిగినా, చూపూ వినికిడీ తగ్గినా ఇలాగే తిరుగుతాయి. ముందు రక్తం, మూత్రం పరీక్ష చేయించి, బీపీ చూపించండి. రాత్రి తిరిగేటప్పుడు సెల్‌ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీసి తీసుకెళ్లండి. క్లినిక్‌లో అది మామూలుగానే ఉంటుంది కాబట్టి డాక్టర్‌కు ఆ వీడియోనే ఎక్కువ చెబుతుంది.

ఇంట్లో చేయాల్సింది ఏమిటంటే, పొద్దున్నే ఎండలో కాసేపు తిప్పండి. పగలు మరీ మొద్దునిద్ర పోకుండా మధ్య మధ్య మెల్లగా లేపి, అన్నం మెతుకులు అక్కడక్కడా పెట్టి వెతికించండి. పడుకోబోయే ముందు ఒకటికి తీసుకెళ్లండి. వంటింటి నుంచి హాలు దాకా చిన్న బెడ్‌లైట్ వెలగనివ్వండి. ఆ తలుపు వెనక సందుకు అట్టపెట్టె అడ్డం పెట్టండి. సోఫా, మంచం జరపకండి. ఇప్పుడు దానికి దారి గుర్తులు అవే. మందు కూడా ఉంది. సెలెజిలిన్‌కు అమెరికాలో 1998లోనే ఈ జబ్బుకు అనుమతి వచ్చింది. పూర్తిగా నయం చేయదు, ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. కొన్ని మందులతో కలిస్తే ప్రమాదం కనుక డాక్టర్ రాస్తేనే వాడాలి.

యాంకర్: తర్వాత హనుమకొండ నుంచి. చెప్పండి సార్.

కాలర్: సార్, మాది లాబ్రడార్. 11 ఏళ్లు, 42 కిలోలు. రాత్రి పడుకుంటాడు, లేస్తాడు, గుండ్రంగా తిరుగుతాడు, మళ్లీ పడుకుంటాడు. రొప్పుతుంటాడు. చూడలేక నా మోకాళ్ల నొప్పి గోలీ సగం వేశాను. వేసిన రోజు పడుకున్నాడు.

డాక్టర్: ఎన్ని రోజులు వేశారు?

కాలర్: మూడు రోజులు.

డాక్టర్: ఇక వేయకండి సార్, ఒక్కటి కూడా. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కలకు కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. వాంతులయ్యాయా? మలం నల్లగా వస్తోందా?

కాలర్: నిన్న ఒక వాంతి అయింది.

డాక్టర్: అయితే ఈరోజే ఆ గోలీల అట్ట పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. దాచకుండా చెప్పండి. మీరు ప్రేమతోనే వేశారు, అది ఎవరికైనా అర్థమవుతుంది. ఇప్పుడు ఆ గోలీ సంగతి తెలియకుండా దాని మీద ఇంకో నొప్పి మందు పడితే మరీ ప్రమాదం.

మీరు చెప్పేది వింటే కీళ్ల నొప్పి అనిపిస్తోంది. పగలు నడుస్తూ ఉంటే కీళ్లు కాస్త వదులవుతాయి. రాత్రి చల్లటి టైల్స్ మీద పడుకునేసరికి బిగుసుకుపోతాయి. మందంగా పరుపు వేయండి. లేచే చోట కాళ్లు జారకుండా గోనెసంచో రబ్బరు చాపో పరవండి. బరువు తగ్గించాలి. ఒక్కోసారి మందు కంటే అదే ఎక్కువ సుఖాన్నిస్తుంది. ఇంకొక్క పని. గాఢ నిద్రలో ఉన్నప్పుడు ఛాతీ నిమిషానికి ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టండి. రోజూ 30 దాటుతుంటే గుండె, ఊపిరితిత్తులు చూపించాలి.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది 'వయసైపోయింది సార్, అంతే కదా' అంటూనే కూర్చుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. ఎన్నో నెలలు నొప్పి ఓర్చుకున్న కుక్క, సరైన మందు పడ్డాక కాళ్లు చాపుకుని పడుకోవడం నేను చూశాను.

యాంకర్: విశాఖపట్నం నుంచి ఇంకో కాల్. టైమ్ తక్కువ ఉంది, త్వరగా చెప్పమ్మా.

కాలర్: డాక్టర్ గారూ, మా బ్రౌనీకి పదేళ్లు, 10 కిలోలు ఉంటుంది. వారం నుంచి రాత్రి మూడుసార్లు లేచి ఒకటికి పోతోంది. నీళ్లు విపరీతంగా తాగుతోంది. సాయంత్రం ఆరు తర్వాత నీళ్ల గిన్నె తీసేయమని అత్తయ్య అంటున్నారు.

డాక్టర్: తీయకండమ్మా. నీళ్లు తాగడం వల్ల రోగం రాలేదు, లోపల ఏదో ఉండబట్టే అన్ని నీళ్లు తాగుతోంది. 10 కిలోల కుక్క రోజుకు లీటరు దాటి తాగుతుంటే కిడ్నీ, షుగర్ లాంటివి చూడాల్సిందే. ఆడదా, మగదా?

కాలర్: ఆడదండీ.

డాక్టర్: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారా?

కాలర్: లేదండీ.

డాక్టర్: హీట్‌కు, అంటే ఎదకు, ఎప్పుడు వచ్చింది?

కాలర్: నెల దాటింది. ఐదారు వారాలు అయ్యుంటుంది.

డాక్టర్: తింటోందా?

కాలర్: నిన్నటి నుంచి పెరుగన్నం కూడా ముట్టలేదు. పొట్ట కొంచెం ఉబ్బినట్టుంది.

డాక్టర్: అమ్మా, జాగ్రత్తగా వినండి. గర్భసంచిలో చీము పట్టిందేమోనని నా అనుమానం. బయటికి ఏమీ కారకపోయినా లోపల చీము నిండొచ్చు. సాయంత్రం దాకా ఆగొద్దు. స్కానింగ్, ఆపరేషన్ ఉన్న ఆసుపత్రికి ఇప్పుడే ఫోన్ చేసి, ఆపరేషన్ చేయని ఆడకుక్క, ఐదు వారాల కింద హీట్, తిండి మానేసింది, నీళ్లు ఎక్కువ తాగుతోంది అని ఈ నాలుగు మాటలూ చెప్పి బయలుదేరండి. మీ దగ్గర బండి ఉందా?

కాలర్: మావారు డ్యూటీకి తీసుకెళ్లారండీ. ఆటో మాట్లాడుకుంటాను.

డాక్టర్: వెళ్లండమ్మా. ఫోన్ పెట్టేయండి.