ఉల్మ్: పిచ్చుక దారి చూపించిన ఊరు

హోస్ట్: నమస్కారం అండీ. ఈ రోజు మనతో ఉన్న అక్కది విజయవాడ. హైదరాబాద్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తారు. 2019లో ఆఫీసు పని మీద ఆరు వారాలు జర్మనీ వెళ్లొచ్చారు. అక్కా, జర్మనీ అంటే ఎక్కడ? బెర్లినా, మ్యూనిక్కా?

గెస్ట్: అదే తమ్ముడూ, టికెట్ మీద మ్యూనిక్ అని చూసి అందరికీ మ్యూనిక్ అనే చెప్పేశాను. చీరల లెవెల్లో షాపింగ్ లిస్టులు కూడా వచ్చేశాయి. తీరా చూస్తే అక్కడ దిగి మళ్లీ రైలెక్కాలి. ఊరి పేరు ఉల్మ్. అమ్మకి ఫోన్ చేసి చెబితే, "మధ్యలో ఆపేశావేంటే, పూర్తిగా చెప్పు" అంది.

హోస్ట్: (నవ్వు) సిగ్నల్ పోయిందనుకున్నారు పాపం.

గెస్ట్: నిజంగానే! లక్షా పాతిక వేల జనం ఉండే ఊరు. సాయంత్రం ఏడింటికే వీధులు ఖాళీ. మొదటి వారం మొహం వేలాడేసుకుని తిరిగాను. ఎక్కడ చూసినా పిచ్చుక బొమ్మలు, ముక్కున ఒక గడ్డిపోచ. బేకరీ అద్దంలో పిచ్చుక, బొమ్మల షాపులో పిచ్చుక. ఆఖరికి పెద్ద చర్చి కప్పు మీద కూడా పిచ్చుకే. ఇదేం పిచ్చి అని ఆఫీసులో పక్క సీటాయన్ని అడిగాను.

హోస్ట్: ఏమన్నాడు?

గెస్ట్: కథ చెప్పాడు. చర్చి కట్టేటప్పుడు ఈ ఊరివాళ్లు ఒక పెద్ద దూలాన్ని బండి మీద అడ్డంగా పెట్టుకుని కోట ద్వారం దగ్గరికి తెచ్చారట. పట్టలేదు. ఎంత తోసినా పట్టలేదు. సరే, ద్వారం పగలగొట్టేద్దాం అనుకుంటుంటే, ఒక పిచ్చుక గూట్లోకి గడ్డిపోచ తీసుకెళ్తూ కనిపించింది. పోచని నిలువుగా తిప్పుకుని కొస ముందు దూర్చిందట. అప్పుడు గానీ వీళ్లకి బుర్ర వెలగలేదు.

హోస్ట్: అంటే మేం తెలివితక్కువ వాళ్లం అని వాళ్లే బొమ్మలు పెట్టుకున్నారా!

గెస్ట్: అక్కడే నాకు ఈ ఊరు నచ్చడం మొదలైంది. మన దగ్గర ఊరిని ఎవరైనా వెక్కిరిస్తే కొట్లాటే కదా. వీళ్లు ఆ వెక్కిరింతనే ఊరికి గుర్తుగా పెట్టుకున్నారు. దర్జీ కథ కూడా అంతే. 1811లో బెర్బ్లింగర్ అనే దర్జీ తను కట్టిన రెక్కలతో డాన్యూబ్ నది దాటతానన్నాడు. రాజుగారు చూడ్డానికి వచ్చిన రోజు ఎగరలేదు. మర్నాడు ఊరంతా చూస్తుండగా దూకాడు, తిన్నగా నీళ్లలో పడ్డాడు.

హోస్ట్: అయ్యో.

గెస్ట్: బతికాడు కానీ పరువు పోయింది. ఆ తర్వాత ఎవరూ బట్టలు కూడా కుట్టించుకోలేదు, పేదరికంలో పోయాడు. అసలు విషయం ఏంటంటే, ఆ రెక్కల్లో పెద్ద లోపం లేదట. చల్లటి నది మీద గాలి పైకి లేవదు, కిందికి దిగుతుంది. కొండవాలు మీద దూకి ఉంటే కొంత దూరం ఎగిరేవాడు అంటారు. ఇప్పుడు అతను ఆ ఊరి హీరో. కొంచెం లేటు, అంతే.

హోస్ట్: చర్చి అన్నారు కదా, ఎత్తైనది అదేనా?

గెస్ట్: అదే. 161.53 మీటర్లు. నేను వెళ్లినప్పుడు ప్రపంచంలో అదే ఎత్తైన చర్చి. 2025 అక్టోబరులో బార్సిలోనాలోని సగ్రాదా ఫమీలియా దాటేసింది. 1377లో శంకుస్థాపన, 1543లో పని ఆగిపోయింది, మళ్లీ మూడొందల ఏళ్ల తర్వాత మొదలెట్టి 1890లో ముగించారు. మన ఫ్లైఓవర్లని తిట్టుకుంటాం గానీ! మెట్లు 768. అలిపిరి నుంచి 3,550 ఎక్కినదాన్ని, ఇదో లెక్కా అనుకున్నాను. కానీ ఇక్కడ గోవిందా అనడానికి పక్కన ఎవరూ లేరు, మెట్లేమో గుండ్రంగా తిరుగుతూ పోనుపోను ఇరుకైపోతాయి. పైనుంచి దిగేవాళ్లు ఎదురైతే గోడకి అతుక్కుపోవడమే.

హోస్ట్: తిండి సంగతి? మీరు శాకాహారి కదా.

గెస్ట్: అది పెద్ద టెన్షన్. రెండో వారం క్యాంటీన్‌లో చూద్దును కదా, పప్పు! నిజం పప్పు. ముదురు రంగు మసూరు లాంటిది, చిక్కగా, పక్కన ష్పెట్స్‌లె అని పొట్టి పొట్టి సేమ్యా ముక్కల్లాంటివి. పైన సాసేజ్ పెడతారు, అది వద్దన్నాను. నోట్లో పెట్టుకుంటే పుల్లగా ఉంది. వెనిగర్ వేస్తారట. కళ్లు మూసుకుంటే పుల్లపప్పే, పోపు ఒక్కటే తక్కువ. అక్కడి కొండప్రాంతంలో ఈ పప్పు పంట ఒకప్పుడు పూర్తిగా పోయిందట. పాత రకాల విత్తనాలు 2006లో ఎక్కడో రష్యాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్ విత్తన భాండాగారంలో దొరికితే తెచ్చి మళ్లీ వేసుకున్నారు.

హోస్ట్: పప్పు కోసం రష్యా దాకా!

గెస్ట్: ఇంకో తమాషా. డాన్యూబ్‌కి ఇటు ఉల్మ్, అటు నోయ్-ఉల్మ్, అంటే కొత్త ఉల్మ్. రాష్ట్రాలు వేరు. నా గది అటు బవేరియాలో, ఆఫీసు ఇటు. ఆగస్టు 15న పాలకి వెళ్తే అన్ని షాపులూ బంద్. మన స్వాతంత్ర్య దినం వీళ్లకెందుకు అని ఒక్క క్షణం అయోమయం. మేరీమాత పండగట. వంతెన దాటాను, ఇటు మామూలు రోజు. పాలు దొరికాయి, ఆఫీసు కూడా ఉంది.

హోస్ట్: (నవ్వు) ఐన్‌స్టీన్ పుట్టిన ఊరు ఇదేనంటారు?

గెస్ట్: 1879లో పుట్టాడు, 15 నెలలకే ఇంట్లోవాళ్లు మ్యూనిక్ తీసుకెళ్లిపోయారు. ఆ ఇల్లు 1944లో బాంబులకి పోయింది. నేను చెప్పాల్సింది అది కాదు, మ్యూజియం. చీకటి గదిలో అద్దాల పెట్టె, అందులో జానెడున్నర బొమ్మ. మామత్ ఏనుగు దంతంతో చెక్కారు. 31 సెంటీమీటర్లు, దాదాపు 40,000 ఏళ్ల నాటిది. ఒళ్లు మనిషిది, తల సింహానిది.

హోస్ట్: నరసింహస్వామి!

గెస్ట్: మంగళగిరి పక్కన పెరిగినదాన్ని, నాకు ఇంకేం తోస్తుంది? చేతులు లేచాయి, కాపలా ఆవిడ చూస్తుంటే దించేశాను. సంబంధం ఏమీ లేదు లెండి, దయచేసి దీన్ని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేయకండి. కానీ ఎడమ చేతి మీద వరసగా ఏడు గాట్లు ఉన్నాయి. ఎవరో కూర్చుని, రాయితో, ఒకదాని కింద ఒకటి కోశారు. అవి చూస్తూ చాలాసేపు ఉండిపోయాను. 1939 ఆగస్టు ఆఖర్లో దగ్గర్లోని గుహలో ముక్కలుగా దొరికింది. వారానికి యుద్ధం. ముక్కలన్నీ పెట్టెల్లో పెట్టేశారు. 1969లో ఒకాయన తెరిచి, రెండొందల ముక్కలు పేర్చుకుంటూ వస్తే అప్పుడు తెలిసింది అది బొమ్మ అని.

హోస్ట్: ముప్ఫై ఏళ్లు పెట్టెలో! సరే, షాపింగ్ లిస్టులు ఏమయ్యాయి అక్కా?

గెస్ట్: అందరికీ చాక్లెట్లే. అమ్మకి మాత్రం మట్టి పిచ్చుక తెచ్చాను, గడ్డిపోచతో సహా. ఏటా సంక్రాంతికి బొమ్మల కొలువులో కొండపల్లి ఏనుగు పక్కన పెడుతుంది. వచ్చినవాళ్లకి దూలం కథ మొత్తం చెబుతుంది, నాకంటే బాగా. ఊరి పేరు మాత్రం మ్యూనిక్ అంటుంది.