కట్ట తెగితే ఎవరు పూడ్చాలి?
(ఉన్నత పాఠశాలల సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

కాకతీయుల పాఠం వచ్చిందంటే బడిలో థర్మకోల్ కీర్తితోరణాలు లేస్తాయి. చూడముచ్చటగానే ఉంటాయి. కానీ థర్మకోల్ పిల్లవాడికి ఎదురు చెప్పదు. కోసినట్టల్లా తెగుతుంది, అతికించినట్టల్లా నిలబడుతుంది. దాన్నించి వాడు తెలుసుకునేది ఫెవికాల్ గురించే. మన చేతికి ఎదురు తిరిగే సరుకు కావాలి. అందుకు మట్టిని మించింది లేదు. అందుకే ఈ పాఠానికి కోట వద్దు, చెరువు కట్టించండి.

గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఏలాడు. ఆయన సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. గుడి పక్కనే చెరువు ఉంది. ఆ చుట్టుపక్కలే లక్నవరం, పాకాల. ఇవన్నీ గుట్టల మధ్య సందులు చూసి కట్ట వేసిన చెరువులు. పిల్లలకు ఈ మాట ముందే చెప్పకండి.

ఆరుగురికి ఒక జట్టు. ఒక్కో జట్టుకు 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, కనీసం 12 లోతు ఉన్న ప్లాస్టిక్ ట్రే ఇవ్వండి. ఒక చివర కింద 3 సెంటీమీటర్ల చెక్క పెడితే వాలు వస్తుంది. రాళ్లు పేర్చి, పైన తడిమట్టి మెత్తి రెండు గుట్టలు చేయించండి. వాటి మధ్య దూరం ఒకచోట 15 సెంటీమీటర్లు, మరోచోట 30 ఉండాలి. "కట్ట ఎక్కడ వేస్తారు?" అని అడిగి ఊరుకోండి. వెడల్పు చోట మొదలుపెట్టిన జట్టు మట్టి ముద్దలు లెక్కపెట్టుకుంటూ పోయి, సగంలో ఆగి, తనంతట తనే ఇరుకు సందుకు మారుతుంది. లక్నవరం అక్కడే ఎందుకుందో అప్పుడు చెప్పండి.

మట్టి సంగతి కాస్త జాగ్రత్త. ఒట్టి నల్లరేగడితో కట్టిన కట్ట నీళ్లు ఆపుతుంది గానీ, రెండు రోజులు ఎండితే నెర్రెలు ఇస్తుంది. ఒట్టి మొరం నీళ్లను వదిలేస్తుంది. రెండూ సగం సగం కలపండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, నడుమెత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలు కావాలి. చప్పబడిందంటే తడి ఎక్కువైనట్టు, పొడిగా రాలిందంటే తక్కువైనట్టు. కట్ట ఎత్తు 6 సెంటీమీటర్లు, పైన వెడల్పు 3, అడుగున 20. నీళ్లవైపు వాలు ఎక్కువ పరుచుకుని ఉండాలి. 15 సెంటీమీటర్ల సందుకు సుమారు రెండు కిలోల మట్టి పడుతుంది. ఒకేసారి కుమ్మరించొద్దు. సెంటీమీటరున్నర మందాన నాలుగు వరసలు వేసి, ఒక్కో వరసను రోకలి మొనతో దిమ్మిస కొట్టినట్టు కొట్టాలి. తర్వాతి వరస వేసే ముందు పైపొరను ఫోర్కుతో గీరాలి. గీరకపోతే రెండు వరసల మధ్య నుంచి నీరు పొరలా కారుతుంది.

తూముకు, అంటే కట్ట కింద నుంచి పొలాలకు నీళ్లు వదిలే దారికి, బొప్పాయి కాడ చాలు. రెండో వరస వేసేటప్పుడే పడుకోబెట్టాలి. కట్ట పూర్తయ్యాక గుచ్చితే కాడ చుట్టూ సందు మిగులుతుంది. నీరు కాడలోంచి కాకుండా కాడ వెంబడి బయట నుంచి పోతుంది, పోతూ పోతూ మట్టిని తినేస్తుంది. నున్నటి పెన్ను గొట్టం పెట్టినా ఇదే తంటా. కాడకు రెండు చోట్ల నూలుదారం మందంగా చుట్టి, దానిమీద రేగడి మెత్తండి. ఆనాటి తూముల్లో రాతి స్తంభాల మధ్య బిరడా దించేవారు. ఇక్కడ గుడ్డ చుట్టిన పుల్ల ఆ పని చేస్తుంది. దాన్ని తీసే పిల్లవాడే ఆ పూట నీరటికాడు, అంటే చెరువు నీళ్లు వదిలే మనిషి.

అలుగు, అంటే చెరువు నిండాక మిగులు నీరు పోయే దారి, మాత్రం మొదటిసారి పెట్టించకండి. ఇది కావాలని చేయాల్సిన తప్పు. మగ్గుతో మెల్లగా నీళ్లు పోయమనండి. నీరు కట్ట పైకొచ్చి అవతలికి దుంకగానే, కింద కట్ట అడుగు కోసుకుపోవడం మొదలవుతుంది. ఆ కోత పైకి పాకి కట్ట తెగుతుంది. కట్ట పైనుంచి కాక కింది నుంచి తెగడం పిల్లలు కళ్లారా చూడాలి. రెండో కట్టకు గుట్ట అంచున, శిఖరం కన్నా సెంటీమీటరున్నర కిందికి, 4 సెంటీమీటర్ల వెడల్పున అలుగు వదిలి గులకరాళ్లు పరచండి. నడిమధ్యన పెడితే మళ్లీ కోతే. అలుగునే మత్తడి అంటాం; మత్తడి దుంకుతుంటే ఊరు ఊరంతా ఎందుకు చూడ్డానికి పోతుందో ఇక వివరించనక్కర్లేదు.

అసలు పాఠం తెగిన కట్ట దగ్గరుంది. దాన్ని పారేయకుండా అడగండి: ఎవరు పూడ్చాలి? ఏటా ఎవరు పూడుస్తారు, ఊరికే ఎందుకు పూడుస్తారు? ఆ ప్రశ్నకు ఆ కాలం ఇచ్చిన జవాబుల్లో దశబంధం ఒకటి. చెరువు తవ్వించినవాడికో, బాగోగులు చూసేవాడికో భూమిలోనో రాబడిలోనో వాటా ఇచ్చే ఏర్పాటు. పేరులోనే పదో వంతు ఉంది. దాన్ని రాతిమీద రాయించేవారు. కనుక పిల్లలూ తమ చెరువుకు శాసనం రాయాలి. పైన సూర్యచంద్రులు, శకవర్షం, ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు, ఎంత భూమి, చివర చెరిపినవాడికి శాపం. శకవర్షం కావాలంటే క్రీస్తుశకంలోంచి 78 తీసేయాలి: 1213 అంటే శకం 1135. శాపం దగ్గర పిల్లల ఉత్సాహానికి మాత్రం హద్దుండదు, గంగ ఒడ్డున గోవును చంపిన పాపం దగ్గర ఆపండి.

శాసనం చెక్కే పలకకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్. రెండు కప్పుల నీళ్లలో మూడు కప్పుల పొడి చల్లాలి. పొడిలో నీళ్లు పోస్తే ఉండలు కడతాయి. గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, చేతులు పెట్టనివ్వకండి. మిగిలింది సింకులో పోయకండి. నూనె రాసిన ట్రేలో 2 సెంటీమీటర్ల మందాన పోసి, గట్టిపడి ఇంకా చెమ్మగా ఉండగానే మేకుతో చెక్కించండి. పూర్తిగా ఎండితే పెచ్చులు లేస్తాయి. అక్షరం ఎత్తు 2 సెంటీమీటర్లు, లోతు 2 నుంచి 3 మిల్లీమీటర్లు. ఆరాక పలచని ఫెవికాల్ పూత వేయాలి, లేకపోతే పలక కాగితంలోని తడినంతా పీల్చేస్తుంది.

ఇక ముద్ర తీయడం. శాసన పరిశోధకులు చేసే పద్ధతే ఇది. నునుపులేని పలచని తెల్లకాగితాన్ని తడిపి పలకపై పరిచి, బూట్ల బ్రష్‌తో నిటారుగా కొట్టాలి, రుద్దకూడదు. కాగితం గుంటల్లోకి దిగుతుంది. తడి మెరుపు పోయి చెమ్మ మిగిలినప్పుడు, దూది కట్టిన గుడ్డ ఉండకు మసి, జిగురునీళ్ల సిరా అద్ది, ముందు చిత్తుకాగితం మీద తట్టి, తర్వాత దీనిమీద తట్టాలి. సిరా పలచనైతే గుంటల్లోకి పాకి అక్షరం మాయమవుతుంది. సరిగ్గా వస్తే నల్లని నేలమీద తెల్లని అక్షరాలు, తిరగబడకుండా. ఈ సాధన మన పలకల మీదే. గుళ్లోని అసలు శాసనాల మీద కాగితం కూడా ఆనించనివ్వకండి.

ముద్రల్ని పక్క సెక్షన్‌కు ఇచ్చి, చెరువు చూపకుండా చదివించండి. పుట్టెడు భూమి ఇచ్చినట్టు ఉంటుంది, తూముకు ఏ పక్కనో ఉండదు. అసలు శాసనాల్లో తూర్పున ఫలానా రాయి, దక్షిణాన ఫలానా కాలువ అని సాగే ఎల్లల వరసను విసుగ్గా దాటేసిన పిల్లలే, ఆ భూమి మాదంటే మాదని రెండు జట్లుగా చీలి మీ టేబుల్ దగ్గరికి వస్తారు.