డెసిలీటరు గిన్నెతో పిండి కొలవడం

సభకు నమస్కారం.

స్వీడిష్ బేకింగ్ వంటకాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నవారిని భాష కంటే కొలతలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. పిండి, పంచదార, పాలు డెసిలీటర్లలో, వెన్న, ఈస్ట్ గ్రాముల్లో, ఉప్పు, ఏలకుల పొడి చెంచాల్లో ఉంటాయి. ఒకే వంటకంలో ఇన్ని రకాలెందుకని అనిపించడం సహజమే గానీ, ఆ దేశపు వంటింట్లో ఒక పూట నిలబడి చూస్తే కారణం కనిపిస్తుంది. వెన్న చుట్టిన కాగితం మీద 50 గ్రాములకొక గీత అచ్చువేసి ఉంటుంది, అక్కడ కత్తి పెట్టి కోస్తే సరిపోతుంది. తాజా ఈస్ట్‌ను 50 గ్రాముల ముద్దగా అమ్ముతారు. తక్కిన వాటికి వంటింటి సొరుగులో చిన్న కొలపాత్రల జత ఉంటుంది.

ఆ జతలో ముఖ్యమైనవి నాలుగు. డెసిలీటరు అంటే 100 మిల్లీలీటర్లు. భోజనపు చెంచా అనే అర్థంగల మాట్‌షేడ్ 15. టీ చెంచా అయిన టేషేడ్ 5. మసాలా కొలత అయిన క్రిడ్‌మోట్ 1 మిల్లీలీటరు. వంటకాల్లో వీటిని పొడి అక్షరాల్లో, అంటే డి.ఎల్., ఎం.ఎస్.కె., టి.ఎస్.కె., కె.ఆర్.ఎం. అని రాస్తారు. చివరిదాన్ని టీ చెంచాగా పొరబడితే ఉప్పు అయిదింతలు పడుతుంది, కనుక ఆ అక్షరాలను ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

అమెరికన్ కప్పు సుమారు 2.4 డెసిలీటర్లు, దాన్ని ఇక్కడ వాడకూడదు. పాత స్వీడిష్ వంటకాల్లో కనిపించే కాఫీ కప్పు 1.5 డెసిలీటర్లు, టీ కప్పు 2.5 డెసిలీటర్లు, పేర్లు చూసి మన ఇంటి కప్పులు తీయడం ప్రమాదమే.

అన్నిటికన్నా శ్రద్ధ పెట్టవలసింది గోధుమపిండి దగ్గర. మన పెద్దలకు సోలతో, గిద్దతో గుట్టగా కొలవడానికీ, అంచు దాకా చదును చేసి కొలవడానికీ తేడా బాగా తెలుసు; డెసిలీటరు ఎప్పుడూ చదును కొలతే. పిండిని చెంచాతో వదులుగా పోసి, కత్తి వీపుతో అంచు మీద గీసేస్తే డెసిలీటరుకు సుమారు 60 గ్రాములు వస్తుంది. గిన్నెనే సంచిలో ముంచి అదిమి తీస్తే 70 గ్రాములు దాటడం కష్టం కాదు. పంచదార బరువైనది, అదే గిన్నెలో 85 నుంచి 90 గ్రాముల దాకా పడుతుంది. అందుకే పిండి బరువును పంచదారకు వర్తింపజేయకూడదు.

ఈ తేడా ఎంత దూరం పోతుందో దాల్చినచెక్క బన్నుల్లో చూశాను. 5 డెసిలీటర్ల పాలు, 150 గ్రాముల వెన్న, 50 గ్రాముల ఈస్ట్, సుమారు 13 డెసిలీటర్ల పిండి అని వంటకంలో ఉంది. నేను గిన్నెను సంచిలో ముంచి తీయడంతో, డెసిలీటరుకు 10 గ్రాములు ఎక్కువైనా మొత్తం మీద 130 గ్రాముల పిండి అదనంగా పడింది. ముద్ద గట్టిపడి, బన్నులు పొంగక, మర్నాటికి రాయిలా తయారయ్యాయి. ఇప్పుడు పాలను వేలికి గోరువెచ్చగా, 37 డిగ్రీల దగ్గర ఉంచి ఈస్ట్ కరిగించి, 12 డెసిలీటర్ల పిండి మాత్రమే పోసి కలుపుతాను. ముద్ద కాస్త జిగురుగా ఉండగానే గిన్నె గోడల నుంచి విడివడితే ఆపేసి, మిగిలిన డెసిలీటరును బల్ల మీద ముద్ద పరిచేటప్పుడు చల్లడానికి ఉంచుకుంటాను.