కారుకి టెంపరేచర్ గేజ్ బిగించి ఆరు వారాలు: ఎలా పనిచేస్తోందంటే

అందరికీ నమస్కారమండి. నా కారులో స్టీరింగ్ పక్కన ఏసీ వెంట్ కింద ఒక గుండ్రటి మీటర్ పెట్టాను, అదే 52 మిల్లీమీటర్ల కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) టెంపరేచర్ గేజ్. బిగించి ఆరు వారాలైంది.

నా కారులో ముందు నుంచీ ఉన్నవి రెండు లైట్లే. ఇంజిన్ చల్లగా ఉంటే నీలం, బాగా వేడెక్కితే ఎరుపు. ఆ రెండిటి మధ్యలో ఏం జరుగుతోందో తెలిసేది కాదు. పోయిన వేసవిలో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే ఎర్ర లైట్ వెలిగింది. వెంటనే ఆపాను, కానీ అప్పటికే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీల్) పోయింది. కారులో పిల్లలున్నారు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

గేజ్, సెన్సార్ కలిపి నాకు 1,800 రూపాయలైంది. మీటర్ బిగించడం అరగంట పని. రోజంతా పట్టింది సెన్సార్‌కే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ పైవైపు హోస్ (రబ్బరు పైపు) కోసి, మధ్యలో అల్యూమినియం అడాప్టర్ పెట్టి, దానికి సెన్సార్ బిగించాలి. కొనేముందు హోస్ లోపలి కొలత చూసుకోండి, నాది 32 మిల్లీమీటర్లు.

మొదటి రోజు ముల్లు కదల్లేదు. గేజ్ పాడైందనుకున్నాను. తప్పు నాదే. ఇది ఒకే వైరు సెన్సార్, దాని బాడీకి ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌తో కనెక్షన్) అందాలి. అడాప్టర్‌కి రెండు వైపులా రబ్బరు పైపే, ఇంక ఎర్త్ ఎక్కడి నుంచి వస్తుంది? అడాప్టర్ నుంచి ఇంజిన్‌కి ఒక వైరు వేయగానే ముల్లు లేచింది. సెన్సార్ మరలకి టెఫ్లాన్ టేప్ మందంగా చుట్టినా ఇదే గొడవ.

గేజ్ కరెంటు, ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే పనిచేసే ఫ్యూజ్ నుంచి తీసుకోండి. వైర్లు ముట్టుకునే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. విండ్‌షీల్డ్ పక్క పిల్లర్ మీద గేజ్ పెడితే చూడ్డానికి బాగుంటుంది, కానీ కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో దయచేసి వద్దు. అది పైకప్పు అంచు నుంచి ఆ పిల్లర్ వెంట తెరుచుకుంటుంది.

పోయినవారం మళ్ళీ అదే ఘాట్ ఎక్కాను. మామూలు రోడ్డు మీద 88 డిగ్రీల దగ్గర ఉండే ముల్లు, ఏసీతో ఎక్కుతుంటే 98 దాకా వెళ్ళింది. ఏసీ ఆపేశాను, నాలుగు నిమిషాల్లో 92కి దిగింది. నేను డబ్బు పెట్టింది ఆ నాలుగు నిమిషాల కోసమేనండి.

నచ్చనిది ఒకటుంది. రాత్రి దీని వెలుగు ఎక్కువ, తగ్గించే బటన్ లేదు. ఇంకో సంగతి, కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సార్ నీళ్ళలో ఉండదు, ముల్లు తప్పు చూపించొచ్చు. అందుకే పాత ఎర్ర లైట్‌ని ముట్టుకోలేదు.

బిగించిన మర్నాడు పొద్దున క్లిప్ దగ్గర ఒక చుక్క కారింది. ఆ క్లిప్ ఇంకాస్త బిగించాక ఇప్పటిదాకా పొడిగానే ఉంది. మీరూ మర్నాడు బానెట్ తెరిచి, కూలెంట్ మట్టం చూశాకే బండి తీయండి.